స్త్రీల ప్రథమ గర్భాశయ పరీక్ష: అందు జరుగునది, ఉద్యోగులు చేయవలసినది

(పురపాలక సంఘముల, తాలూకా కచేరీల ఉద్యోగుల నిమిత్తమైన ఉపన్యాస పాఠము)



ఈ దినమున నేను ప్రసంగింపబోవు విషయము వైద్యుల యెదుట చెప్పదగినదే గాని ఉద్యోగుల యెదుట చెప్పదగినది కాదని మీలో కొందరికి తోచవచ్చును. ఒక స్త్రీ తన జీవితమున మొదటిసారిగా గర్భాశయ సంబంధమైన వైద్యపరీక్షకు పోయినపుడు ఆ గదిలో ఏమి జరుగునో తెలిసికొనుట పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టరుకేల, తహశీల్దారుకేల, పురపాలక కమిషనరుకేల యని అడుగవచ్చును. దానికి నా సమాధానమిది. ఆ స్త్రీని ఆసుపత్రి గడప దాటనీయక ఆపునది సామాన్యముగా వైద్యశాస్త్రపు కొరత కాదు. గదికి తలుపు గడియ లేకపోవుట, బల్లకు తెర లేకపోవుట, మరుగుదొడ్డిలో నీరు లేకపోవుట, స్త్రీ సహాయకురాలు లేకపోవుట, ఏమి జరుగునో ముందుగా చెప్పువారు లేకపోవుట, ఇవియే ఆమెను ఆపునవి. వీనిలో ఒక్కటియు వైద్యుని చేతిలోనిది కాదు. అన్నియు మీ బడ్జెట్టులోనివి, మీ తనిఖీలోనివి, మీ ఉత్తరువులలోనివి.

మరోదా పరిస్థితి

దుర్గు జిల్లాలోని భిలాయి ఉక్కునగరమున ఒక భాగమగు మరోదాను ఉదాహరణముగా గైకొందము. 1955వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియనుతో జరిగిన ఒడంబడిక ననుసరించి భిలాయి కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన మొదటి కొలిమి ప్రారంభమైనది. నాటినుండి తెలుగు జిల్లాల వారనేకులు పనికై వచ్చి ఇచ్చటనే స్థిరపడిరి. వారి బిడ్డలు ఇచ్చటనే పుట్టి, హిందీలో చదువుకొని, ఇండ్లలో మాత్రము తెలుగు మాటలాడుచున్నారు. తెలుగునాట నుండి కోడండ్రుగా వచ్చిన వారికి హిందీ తడబడును, ఛత్తీస్‌గఢీ బొత్తిగా తెలియదు.

కర్మాగారపు ఉద్యోగుల కుటుంబములకు సెక్టారు 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి కలదు. కాని ఉక్కునగరమున నివసించు స్త్రీలందరును ఆ ఉద్యోగుల కుటుంబములలోని వారు కారు. ఇండ్లలో పాత్రలు తోము స్త్రీయు, కూరగాయలమ్ము స్త్రీయు, దినకూలీ భార్యయు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రముపైననే ఆధారపడవలెను. కర్మాగారపు ఆసుపత్రికి పోగల స్త్రీకిని భాషాసంకోచము తప్పదు. "తెల్లబట్ట అగుచున్నది" అను మాటను మన స్త్రీ తెలుగులో చెప్పుటకే పదిమారులు వెనుదీయును. దానిని రాని భాషలో, భర్త ద్వారానో, పదియేండ్ల కుమారుని ద్వారానో వైద్యునికి చెప్పుమనిన ఆమె తలనొప్పియని చెప్పి తలనొప్పి బిళ్ళ పుచ్చుకొని ఇంటికి వచ్చును. వ్యాధి లోపలనే యుండును.

పూర్వానుభవము

మన స్త్రీలు సిగ్గరులు, ఆసుపత్రికి రారు అని చెప్పు మాట మిక్కిలి పాతది. అది నిజము కాదని చరిత్ర చూపుచున్నది. 1885వ సంవత్సరమున మేరీ షార్లీబు అను వైద్యురాలి కృషివలన మద్రాసులో గోషా స్త్రీలకు ప్రత్యేకాసుపత్రి వెలసెను. ఆ సంవత్సరముననే స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యము చేయించు నుద్దేశముతో డఫ్రిన్ నిధి స్థాపితమయ్యెను. తెలుగుదేశమున 1883లో గుంటూరు చేరిన అన్నా కుగ్లరు అను అమెరికా వైద్యురాలు మొదట చిన్న వైద్యశాలలతో పనిచేసి 1898 నాటికి పెద్ద ఆసుపత్రినే తెరచెను. 1912లో ముత్తులక్ష్మీరెడ్డి గారు మద్రాసు వైద్యకళాశాలనుండి పట్టము పొందిరి. ఏకాంతమును, స్త్రీ వైద్యురాలును, తెలిసిన భాషయు లభించినచోటికి మన ముత్తవ్వలు బండ్లు కట్టుకొని వచ్చిరి. కనుక లోపము సిగ్గులో లేదు, ఏర్పాటులో నున్నది.

ఎవరికి పరీక్ష అవసరము

ఈ విషయమున రెండు విధములైన పొరపాట్లు గలవు. అవసరమైనవారు పోకుండుట యొకటి, అవసరము లేని పరీక్షను నిర్బంధముగా చేయుట మరియొకటి.

పెద్దమనిషియైన బాలికకు నెలసరి విషయమై సందేహములుండుట సహజము. ఆమెను వైద్యురాలి యొద్దకు తోడుకొని పోవుట మంచిదే. కాని సామాన్యముగా ఆ మొదటి దర్శనమున మాటలాడుటయే ముఖ్యము. రక్తహీనత యున్నదా, బహిష్టు మితిమీరి యగుచున్నదా, నొప్పి బడి మానునంతగా నున్నదా యని విచారింతురు. ఛత్తీస్‌గఢులో సికిల్‌సెల్ రక్తవ్యాధి విస్తారముగా నున్నది గావున రక్తపరీక్షయు అడుగవచ్చును. లోపలి పరీక్ష బాలికలకు సాధారణముగా అవసరము లేదు. తల్లులు ఈ భయముచేతనే బిడ్డలను తీసికొని రారు. ఈ ఒక్క సంగతి వారికి తెలియజేసినను సగము భయము తీరును.

ఏ బాధయు లేని, గర్భవతి కాని స్త్రీకి ఊరకే ప్రతి సంవత్సరమును లోపలి పరీక్ష చేయుటవలన ప్రయోజనము కానరాలేదని అమెరికా వైద్యుల కళాశాల 2014లో అభిప్రాయపడినది. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును ముందుగా పట్టు పరీక్ష దీనికి వేరు. దానిని గురించి ముందు చెప్పెదను.

ఈ క్రింది లక్షణములున్న స్త్రీ మాత్రము ఆలస్యము చేయక పోవలెను: నెలసరి కాని దినములలో రక్తము కనబడుట, భర్తతో కలిసిన పిమ్మట రక్తము కనబడుట, ముట్టు ఆగిపోయిన వయస్సు దాటిన పిదప మరల రక్తము కనబడుట, దుర్వాసనతో తెల్లబట్ట యగుట, పొత్తికడుపులో విడువని నొప్పి, మూత్రమునకు పోవునపుడు మంట, గర్భసంచి జారినట్లుండుట. ముట్టు నిలిచిపోయిన పిదప కనబడు రక్తమును "మరల వయసు వచ్చినది" అని నవ్వులాటగా తీసికొను ఆచారము కొన్ని ఇండ్లలో నున్నది. అది నవ్వులాట కాదు. ఒక్కచుక్కయైనను వైద్యురాలికి చూపవలెను.

గదిలో ఏమి జరుగును

ఇక పరీక్షాక్రమమును వరుసగా వివరించెదను. మీ క్రింది సిబ్బంది దీనిని తమ మాటలలో స్త్రీలకు చెప్పగలిగిననే ఈ ఉపన్యాసమునకు ఫలము.

మొదట సంభాషణ. కడపటి బహిష్టు ఏ తేదీన వచ్చెను, ఎన్ని దినములుండెను, కాన్పులెన్ని, గర్భస్రావములెన్ని, ఏయే మందులు వాడుచున్నారు అని అడుగుదురు. తేదీని కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. వివాహమైనదా, భర్తతో సంబంధమున్నదా యనియు అడుగవచ్చును. ఇది తప్పుపట్టుటకు అడుగునది కాదు, పరీక్ష యెట్లు చేయవలెనో నిర్ణయించుటకు అడుగునది. ఈ ప్రశ్నలు అత్తగారి యెదుట గాని, ఆడబిడ్డ యెదుట గాని, భర్త యెదుట గాని అడుగరాదు. కొంతసేపైనను ఆ స్త్రీని ఒంటరిగా మాటలాడనీయవలెను. ఇంట కొట్టబడుచున్న స్త్రీ ఆ నిజమును చెప్పుటకు లభించు అవకాశము బహుశః అది యొక్కటియే.

రెండవది సామాన్య పరీక్ష. బరువు, రక్తపు పోటు, కనురెప్పల పాలిపోతనము చూతురు. కొన్ని వేళల స్తనములను పరీక్షింతురు. పొట్టపై చేయి వేసి గడ్డలున్నవేమో చూతురు.

మూడవది, అవసరమైనపుడు మాత్రమే, లోపలి పరీక్ష. దీనికి ముందు మూత్రమునకు పోయి రమ్మందురు. ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. చేతితో చేయు పరీక్షకు మూత్రకోశము ఖాళీగా నుండవలెను. పొట్టపైనుండి తీయు అల్ట్రాసౌండు పరీక్షకు తరచుగా నీరు త్రాగి నిండుగా నుండవలెను. ఈ భేదము చెప్పనందున స్త్రీలు ఒక దినమంతయు వరుసలో నిలిచి మరల రమ్మని పంపబడుచున్నారు. నడుము క్రింది బట్టలు మాత్రమే తీసి, బల్లపై వెల్లకిల పండుకొని, మోకాళ్ళు మడచి యుంచవలెను. పైన దుప్పటి కప్పవలెను. పరీక్షించు భాగము తప్ప తక్కిన దేహము కప్పబడియే యుండవలెను.

మొదట పైభాగమును కంటితో చూతురు. పిమ్మట స్పెక్యులము అను పనిముట్టును మెల్లగా లోనికి చొప్పింతురు. అది బాతుముక్కువలె రెండు రేకులు గలది. మరియొక రకము గరిటె వంపు గలది. అది కోయునది కాదు, గుచ్చునది కాదు. గోడలను కొంచెము ఎడముచేసి గర్భాశయ ముఖద్వారమును కంటికి కనబడునట్లు చేయుటయే దాని పని. చల్లగా తగులును, ఒత్తిడిగా నుండును, కాని పెద్ద నొప్పి కలుగరాదు. నొప్పి యైనచో చెప్పవలెను. చెప్పినచో ఆపవలెను. చిన్న పరిమాణపు పనిముట్టులు ఉన్నవి, గోరువెచ్చని నీటితో వెచ్చచేయవచ్చును. దీర్ఘముగా ఊపిరి తీసి నోటితో విడిచినచో కండరములు సడలి బాధ తగ్గును.

తరువాత చేతితొడుగు ధరించి ఒక చేతి వ్రేళ్ళతో లోపలనుండియు, రెండవచేతితో పొట్టపైనుండియు గర్భసంచి పరిమాణమును, అండాశయములను చూతురు. పనిముట్టుతోను, చేతితోను చేయు రెండు పరీక్షలును కలిసి కొద్ది నిమిషములలో ముగియును. అటుపిమ్మట ఆ స్త్రీ లేచి బట్టలు కట్టుకొన్న తరువాతనే కూర్చుండబెట్టి ఫలితమును చెప్పవలెను. బల్లపై పడియున్న మనిషితో రోగవివరము మాటలాడుట అమర్యాద. అట్టివేళ చెప్పినది ఆమె చెవికెక్కదు కూడ.

పైని చెప్పిన స్పెక్యులము చరిత్రయు ఒక పాఠము నేర్పుచున్నది. గరిటె వంపు గల రకమును 1840ల దశకమున అమెరికాలో మారియన్ సిమ్స్ అను వైద్యుడు రూపొందించెను. బానిసలుగానున్న నల్లజాతి స్త్రీలపై, వారికి కాదనుటకు హక్కు లేని స్థితిలో, మత్తుమందు లేక, మరల మరల శస్త్రచికిత్సలు చేసి అతడు తన విద్యను సాధించెను. ఉపకరణము మేలైనదే కావచ్చును. అది వచ్చిన త్రోవను మరువరాదు. ప్రతిసారియు ఆ పనిముట్టును చేతబట్టు వారు మొదట సమ్మతి యడుగుట ఈ కారణముచేతను ధర్మము.

అవివాహితల విషయము

అవివాహిత యగు స్త్రీకి బాధ యున్నను, "పరీక్షచేసిన కన్యాత్వము పోవును" అని ఇంటివారు ఆపుదురు. కన్యాత్వమును వైద్యపరీక్షవలన నిర్ణయింప వీలులేదని శాస్త్రము చెప్పుచున్నది. అత్యాచారమునకు గురియైన స్త్రీలకు చేయుచుండిన రెండువ్రేళ్ళ పరీక్ష శాస్త్రరహితమనియు, స్త్రీ గౌరవమునకు భంగకరమనియు సుప్రీంకోర్టు 2013లోను, మరల 2022 అక్టోబరు 31వ తేదీనను తీర్పు చెప్పినది. రెండవ తీర్పులో అట్టి పరీక్ష చేయువారు దుష్ప్రవర్తన క్రింద దోషులగుదురని స్పష్టపరచినది. ఈ తీర్పు మీ పరిధిలోని ప్రతి ఆసుపత్రికిని చేరినదో లేదో విచారించుట మీ విధి. సంబంధ మెరుగని స్త్రీకి లోపలి పరీక్షకు బదులు పొట్టపైనుండి అల్ట్రాసౌండు మొదలగునవి తరచుగా చాలును.

క్యాన్సరును ముందుగా పట్టు పరీక్ష

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున సుమారు 1,27,000 స్త్రీలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు కొత్తగా సోకెను, సుమారు 80,000 మంది మరణించిరి. ఈ వ్యాధి ఒక్కనాటిలో పుట్టునది కాదు. హ్యూమన్ పాపిలోమా వైరసు చిరకాలము నిలిచియుండుటవలన ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. ఆ ఏండ్లలో నెపుడు పట్టినను సులభముగా మాన్పవచ్చును. ఆ కాలమున ఏ బాధయు తెలియదు గావుననే, ఆరోగ్యముగా నున్న స్త్రీని పిలిచి చూడవలసి యున్నది.

2016లో భారత ప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము 30 మొదలు 65 ఏండ్ల వయస్సుగల స్త్రీలను అయిదేండ్లకొకమారు పరీక్షింపవలెను. దీనికి పెద్ద యంత్రములక్కరలేదు. పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా వంటయింటి వెనిగారు వంటిదానిని, దూదితో ముఖద్వారమునకు అద్ది ఒక నిమిషము ఆగి చూతురు. తెల్లని మచ్చ యేర్పడినచో ఇంకను శోధింపవలెనని అర్థము. క్యాన్సరున్నదని అర్థము కాదు. ఈ సంగతి ముందుగా చెప్పనిచో ఆమె భయపడి మరల రాదు. ముంబయి మురికివాడలలో శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్తలచే రెండేండ్లకొకసారి ఈ పరీక్ష జరిపింపగా, ఈ క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గెనని 2014లో ప్రచురితమైన పరిశోధన తెలుపుచున్నది. ఆ కార్యకర్తలు వైద్యులు కారు. దీనినిబట్టి మనకు లేనిది నిపుణులు కాదు, నిర్వహణ యని గ్రహింపవలెను.

సమ్మతి

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమగు విషయమునకు వచ్చుచున్నాను. మొదటి పరీక్ష సరిగా జరుగనిచో ఏమగునో మన తెలుగు రాష్ట్రముల లెక్కలే చెప్పును. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణమున సుమారు ఎనమండుగురు. ఆంధ్రప్రదేశమున సుమారు తొమ్మండుగురు. తెల్లబట్ట యనియో, నడుమునొప్పి యనియో వచ్చిన స్త్రీకి క్రమముగా పరీక్షచేసి మందుతో మాన్పదగిన దానికి సంచియే తీసివేసిన సందర్భములు ఎన్నో వెలుగులోనికి వచ్చినవి. "పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచి యేల" అను మాట ఆసుపత్రిలోను, ఇంటిలోను వినబడుచున్నది. అండాశయములు గూడ తీసివేసినచో అకాల వార్ధక్యము, ఎముకల బలహీనత కలుగును. బీహారు, ఛత్తీస్‌గఢు, రాజస్థానములలోని ఇట్టి అనవసర శస్త్రచికిత్సలను గూర్చి దాఖలైన వ్యాజ్యమున 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నియు మూడు మాసములలో కేంద్ర మార్గదర్శకములను అమలుపరుపవలెనని ఆజ్ఞాపించెను. మరోదా తెలుగు స్త్రీ ఆ లెక్కల రాష్ట్రములనుండి వచ్చి ఈ వ్యాజ్యపు రాష్ట్రమున నివసించుచున్నదని మరువవద్దు.

2008 జనవరి 16వ తేదీన సుప్రీంకోర్టు మరియొక తీర్పు చెప్పెను. నెలసరి బాధతో వచ్చిన అవివాహిత స్త్రీకి రోగనిర్ణయమునకై మత్తు ఇచ్చి, ఆమె స్పృహలో లేనపుడు తల్లి సమ్మతితో గర్భసంచిని, అండాశయములను తీసివేసిరి. పరీక్షకిచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదనియు, ప్రాణాపాయము లేనిచో వయోజనురాలగు స్త్రీ తరపున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదనియు కోర్టు నిర్ణయించినది. తల్లి మాటయే చెల్లనిచోట అత్తగారి మాట ఎట్లు చెల్లును?

సమ్మతిలేని మంచిపని గూడ చెడిపోవునని ఖమ్మము జిల్లా అనుభవము చెప్పుచున్నది. 2009లో అచ్చట సుమారు 14,000 బాలికలకు ఈ క్యాన్సరు నివారణ టీకా ప్రదర్శన పథకము క్రింద ఇచ్చిరి. వసతిగృహములలోని గిరిజన బాలికలనేకుల సమ్మతి పత్రములపై తల్లిదండ్రులు గాక వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసిరి. కొందరు బాలికలు మరణింపగా ఆ మరణములకు టీకాతో సంబంధము కానరాదని విచారణ సంఘము తేల్చినను, 2010 ఏప్రిలులో పథకము నిలిపివేయబడెను. 2013లో పార్లమెంటు సంఘము సమ్మతి సేకరించిన విధమును తీవ్రముగా గర్హించెను. టీకా మేలైనదే. సంతకము చేసిన చేయి తప్పు. ఆ తప్పు చేసినవారు సామాన్య ప్రభుత్వోద్యోగులు, మీవంటి నావంటి వారు, పై అధికారులకు లెక్క చూపవలెనను తొందరలో నున్నవారు.

లెక్కల తొందర ఎంత ఘోరమునకు దారితీయునో మన ఛత్తీస్‌గఢుననే చూచితిమి. 2014 నవంబరు 8వ తేదీన బిలాస్‌పూరు చెంత ఒక శిబిరమున 83 మంది స్త్రీలకు కొన్ని గంటలలోనే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసిరి. పదిమందికి పైగా మరణించిరి. 2016లో సుప్రీంకోర్టు అట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పవలెనని తీర్పు చెప్పెను. ఆ వార్త విన్న స్త్రీ నేటికిని ఆసుపత్రి బల్లను చూచి జంకినచో దానిని అజ్ఞానమని యనవచ్చునా? నమ్మకమును మనము పోగొట్టితిమి. మరల సంపాదించుట మన పని.

ఉద్యోగులు చేయవలసినవి

కావున మీ పరిధిలోని ప్రతి ఆరోగ్య కేంద్రమును స్వయముగా చూచి ఈ క్రింది విషయములు తనిఖీ చేయుడని కోరుచున్నాను.

1. పరీక్షాగదికి లోపలినుండి గడియ, కిటికీలకు తెర, బల్లచుట్టు మరియొక తెర యుండవలెను. పరీక్ష జరుగుచుండగా ఆ గదిలోనికి ఫైలు తెచ్చువాడు గాని, టీ తెచ్చువాడు గాని పోరాదు.

2. గదిని ఆనుకొని నీరు గల మరుగుదొడ్డి యుండవలెను. బట్టలు పెట్టుకొనుటకు కొక్కెము, ఉతికిన దుప్పట్లు ఉండవలెను. దుప్పట్ల చాకలి ఖర్చు చిన్న పద్దు. దానిని కొట్టివేయవద్దు.

3. పురుష వైద్యుడు పరీక్షించునపుడు మరియొక స్త్రీ దగ్గరనుండుట రోగి హక్కు. జాతీయ మానవహక్కుల సంఘము రూపొందించిన రోగుల హక్కుల పత్రమున ఇది చేరియున్నది. ఆ పత్రమును హిందీలోను, తెలుగువారున్నచోట తెలుగులోను గోడపై వ్రాయింపవలెను.

4. పనిముట్టులను శుద్ధిచేయు ఆటోక్లేవు పనిచేయుచున్నదో లేదో దినచర్య పుస్తకము చూచి తెలిసికొనవలెను. వేర్వేరు పరిమాణముల స్పెక్యులములు, చేతితొడుగులు చాలినన్ని యున్నవో లేవో లెక్కింపవలెను.

5. స్త్రీల పరీక్షకు వారమున ఒక దినమైనను, ఇండ్లలో పనిచేయువారికి వీలగు సాయంకాలము నియమింపవలెను. కూలి పోగొట్టుకొని రమ్మనుట రావద్దనుటయే.

6. భర్తను, పిల్లలను దుబాసీలుగా వాడరాదు. తెలుగు, హిందీ రెండును తెలిసిన ఒక స్త్రీని ఆ దినమున నియమింపవలెను. తాను విన్నది వీధిలో చెప్పనని ఆమెచే వ్రాయించుకొనవలెను.

7. "ఎంతమందిని పరీక్షించితిరి" అని మాత్రమే నివేదికలలో అడుగవద్దు. తెల్లమచ్చ కనబడినవారిలో ఎందరు తదుపరి చికిత్స పొందిరో అడుగుడు. పరీక్షించి వదలివేసిన స్త్రీకి మనము భయము నిచ్చితిమే గాని ఆరోగ్యము నీయలేదు.

8. వద్దనిన స్త్రీపై నిర్బంధము చేయరాదు. ఆమె పేరు ఏ ఇతర ప్రభుత్వ సహాయమునుండియు తొలగింపరాదు.

తోడు

ఛత్తీస్‌గఢునకు ఈ విషయమున ఒక భాగ్యము కలదు. దేశమంతట ఆశా కార్యకర్తలు 2005లో ఏర్పడుటకు ముందే, 2002లో ఇచ్చట మితానిన్ పథకము ప్రారంభమైనది. మితానిన్ అనగా స్నేహితురాలు. పూజచేసి స్నేహము కట్టుకొను ఈ దేశపు ఆచారమునుండి ఆ పేరు వచ్చినది. మొదటి పరీక్షకు పోవు స్త్రీకి కావలసినది అదియే: చేయిపట్టుకొని తోడువచ్చు స్నేహితురాలు. తెలుగు వాడలలో తెలుగు తెలిసిన మితానిన్‌ను నియమించుట కష్టము కాదు. మన వదినలు, పిన్నమ్మలు ఆ పనిని జీతము లేకయే చేయుచున్నారు. వారికి సరియైన జ్ఞానమిచ్చుటయే మన లోటు.

మరోదా స్టేషనులో రైలెక్కినచో ఆ దారి దల్లీ రాజ్‌హరా ఇనుప గనులకు పోవును. అచ్చటి గని కార్మిక సంఘపు ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి కాన్పు సమయమున తగిన చికిత్స అందక మరణించెను. ఆ దుఃఖమునుండి కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో, శంకర్ గుహా నియోగి నాయకత్వమున 1983లో షహీద్ ఆసుపత్రిని నిర్మించుకొనిరి. చదువురాని గనికూలీలు ఇటుకపై ఇటుక పేర్చి చేసిన పనిని, కచేరీయు, ఖజానాయు, ముద్రయు గల మనము చేయలేమా?

నేను మిమ్ములను గొప్ప భవనము కట్టుమని కోరుటలేదు. ఒక తలుపు గడియ, ఒక తెర, ఒక ఉతికిన దుప్పటి, నీరు గల ఒక మరుగుదొడ్డి, తెలిసిన భాషలో ఒక మాట. ఇవి యున్నచోట స్త్రీ వచ్చును, అడుగును, నిజము చెప్పును, వ్యాధి మొదలులోనే పట్టుబడును. ఇవి లేనిచోట ఆమె ఇంటనే యుండి, నొప్పి భరింపరానిదైన పిదప, మందుతో పోవలసినది కత్తితో పోవు దశలో వచ్చును. రాబోవు బడ్జెట్టు సమావేశమున ఈ పద్దులను మీరు జ్ఞాపకముంచుకొందురని నమ్ముచున్నాను.